నడుము ఆపరేషనుకు ఎవరి దగ్గరకు పోవాలి?



ఈవేళ నేను చెప్పబోయేది పైరు సంగతి కాదు, పైరు పెట్టే మనిషి నడుము సంగతి. నేను వైద్యుణ్ణి కానండి. గోదావరి కాలువ కింద ఏడెకరాలు చేసుకునే రైతును. నా నడుము మూలాన ఒకసారి, మా అక్కయ్య నడుము మూలాన ఒకసారి ఆసుపత్రుల చుట్టూ తిరిగి కొంత తెలుసుకున్నాను. ఆ తెలుసుకున్నదానికి వెల కూడా చెల్లించుకున్నాము. అది ముందుముందు చెబుతాను.

మనం ఎడ్లజతను కొనబోతే ఏం చేస్తాం? పళ్ళు చూస్తాం, సుడులు చూస్తాం, నడిపించి చూస్తాం, కాడి కట్టి చూస్తాం. అమ్మేవాడు ఎందుకు అమ్ముతున్నాడో నలుగురినీ వాకబు చేస్తాం. బోరు వేయించాలన్నా ఒకరి మాట మీద వేయించం. అదే మన వెన్నెముకను కోయబోయే డాక్టరు ఎదుట మాత్రం చేతులు కట్టుకుని నిలబడి "అంతా మీ దయ బాబూ" అంటాం. ఆయన చదువు మనకు తెలియదు గనుక అడగకూడదని మన భయం. ఎద్దు కడుపులో ఏమున్నదో కూడా మనకు తెలియదు గదా! అయినా అడుగుతూనే ఉన్నాం.

వెన్నెముక ఒకే ఎముక కాదు. మెడలో 7 పూసలు, వీపులో 12, నడుములో 5, ఆ కిందిది త్రికాస్థి. పూసకూ పూసకూ నడుమ ఒక్కొక్క డిస్కు ఉంటుంది. తాటిముంజెను తలచుకోండి: లోపల మెత్తని గుజ్జు, చుట్టూ పట్టి ఉంచే పొర. ఆ పొర చిట్లి గుజ్జు వెనుకకు తోసుకువస్తే, పక్కనుంచి కాలికి దిగే నరాన్ని నొక్కుతుంది. అప్పుడు నొప్పి నడుములో ఆగదు. పిరుదు మీదుగా తొడ, పిక్క, పాదం దాకా నిప్పుతీగ లాగినట్లు దిగుతుంది. దీన్నే సయాటికా అంటున్నారు. ఆయుర్వేదంలో గృధ్రసి అన్నారు. జారిన డిస్కే ఈ నొప్పికి కారణం కావచ్చునని 1934లో అమెరికాలోని బోస్టనులో మిక్స్‌టర్, బార్ అనే ఇద్దరు వైద్యులు ప్రకటించిన తరువాతనే డిస్కు ఆపరేషన్లు వ్యాప్తిలోకి వచ్చినవి.

ఇక నా సంగతి. 2017 ఏప్రిల్‌లో దాళ్వా మాసూళ్ళప్పుడు లారీకి ఎత్తే మనుషులు చాలక 75 కిలోల ధాన్యం బస్తాకు నేనూ ఒక చెయ్యి వేశాను. అప్పటికి నాకు 52 ఏళ్ళు. ఆ పూట ఏమీ తెలియలేదు. మర్నాడు తెల్లవారుజామున మంచం దిగబోతే ఎడమకాలు నాది కానట్లు లాగేసింది. పదిరోజులు మాత్రలతో గడిపి, ఊళ్ళో వైద్యం చేసే ఆర్.ఎం.పి. ఒక ఆసుపత్రి పేరు చెబితే పట్నం పోయాను. ముందుగానే ఎం.ఆర్.ఐ. తీయించారు. అక్కడి డాక్టరు ఫిలిమును దీపానికి ఎత్తి చూశాడు. నన్ను బల్ల మీద పడుకోబెట్టలేదు, నా కాలు ముట్టుకోలేదు. "రెండుచోట్ల డిస్కు పోయింది. ఈ వారంలోనే ఆపరేషను చేసి స్క్రూలు బిగించాలి. లేకుంటే కాలు పడిపోతుంది" అన్నాడు. కాలు పడిపోతుందన్న మాట వింటే ఎవడికి కాళ్ళాడతాయి చెప్పండి? మా బావమరిది అక్కడికక్కడే "బావా, కాలువ పక్క ఎకరం తనఖా పెడదాం. నడుము కంటే పొలం ఎక్కువా?" అన్నాడు. నేనూ సరే అన్నాను. మా అబ్బాయి మాత్రం ఇంకొకరికి చూపిద్దామని పట్టుపట్టాడు.

ఆ రెండో డాక్టరు ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో ఉన్నాడు. పొద్దున ఆరింటికి చీటీ తీసుకుంటే పన్నెండు దాటాక పిలుపు వచ్చింది. మనిషి ముక్కుసూటి, నవ్వు మొగం కాదు. ఫిలిము అడగకముందే నన్ను మడమల మీద నడవమన్నాడు, మునివేళ్ళ మీద నడవమన్నాడు. కాలి బొటనవేలు తన వేలికి ఎదురుగా పైకి ఎత్తమన్నాడు. బల్ల మీద పడుకోబెట్టి కాలు వంచకుండా పైకి లేపాడు. మోకాలి దగ్గరా, మడమ దగ్గరా చిన్న సుత్తితో కొట్టాడు. ఆ తరువాత ఫిలిము చూసి, "రెండుచోట్ల ఉబ్బు ఉన్న మాట నిజమే. మీ కాలినొప్పికి కలిసేది వాటిలో ఒకటే. రెండోది మీ వయసు" అన్నాడు. "కాలిలో బలం ఉన్నది, మూత్రం సరిగా వస్తోంది. ఆరు వారాలు చూద్దాం. తగ్గకపోతే జారిన ముక్క తీసేస్తాను. స్క్రూల పని లేదు" అన్నాడు. రెండురోజులకు మించి మంచం పట్టవద్దనీ, నెమ్మదిగా నడుస్తూ ఉండమనీ, బరువు ఎత్తవద్దనీ చెప్పాడు. ఎప్పుడు పరుగెత్తుకు రావాలో కూడా ఏదో చెప్పాడు గాని, కోత తప్పిందన్న సంతోషంలో ఆ చివరి మాటలు నేను సరిగా వినలేదు.

ఏడో వారానికి నొప్పి చాలావరకు పోయింది. సార్వా నాట్ల నాటికి గట్ల మీద తిరుగుతున్నాను.

మొదటి డాక్టరు మోసగాడనీ, రెండోవాడు దేవుడనీ చెప్పడానికి నేను రాలేదు. అసలు లోపం ఏమంటే, ఫిలిములో కనబడిన ప్రతి ఉబ్బూ రోగం కాదు. అమెరికాలో 1994లో అచ్చయిన ఒక పరిశోధనలో, నడుము నొప్పే లేని 98 మందికి ఎం.ఆర్.ఐ. తీశారు. అన్ని డిస్కులూ సరిగా ఉన్నవారు నూటికి 36 మందే. సగానికి పైగా మనుషులకు ఏదో ఒక చోట డిస్కు ఉబ్బి ఉన్నది, వాళ్ళకు ఆ సంగతే తెలియదు. తల నెరిసినట్లే డిస్కూ నెరుస్తుంది. అందువల్ల ఫిలిమునే గాక మనిషిని కూడా చూసే డాక్టరు కావాలి. ఫిలిములో ఏ పూస దగ్గర నొక్కుడు ఉన్నదో, కాలిలో ఆ నరం పాకే చోటనే నొప్పో తిమ్మిరో ఉండాలి. ఆ రెండూ కలిశాయో లేదో చూడకుండా కత్తి పట్టేవారి దగ్గర ఒక్క క్షణం ఆగండి.

ఆగితే నష్టం లేదా అని మీరు అడగవచ్చు. 2007లో హాలండు దేశపు వైద్యులు ఆరు నుంచి పన్నెండు వారాలుగా సయాటికాతో బాధపడుతున్న 283 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు వెంటనే ఆపరేషను చేశారు, రెండో జట్టును మందులతో ఆపి చూశారు. ఏడాది తిరిగేసరికి రెండు జట్లలోనూ నూటికి 95 మంది కోలుకున్నారు. అయితే ఆపరేషను జట్టువారికి నొప్పి ముందుగా తగ్గింది. ఆగిన జట్టులో కూడా నూటికి 39 మంది తరువాత ఆపరేషను చేయించుకున్నారు. కనుక ఆపరేషను పాపమూ కాదు, ఆగడం పిరికితనమూ కాదు. కాలిలో బలం తగ్గనంతవరకు ఎప్పుడు చేయించుకోవాలన్నది రోగి కూడా కూర్చుని తేల్చుకోవలసిన విషయం. నొప్పితో నిద్రలేక, పని సాగక, అప్పు తీరక ఉన్న మనిషి ముందే చేయించుకోవచ్చు. ఓర్చుకోగలవాడు ఆగవచ్చు.

ఇక్కడ నేను ఆగిపోయి ఉంటే నా ప్రసంగం మీకు చెరుపు చేసేది. ఎందుకంటే నేనే ఒకరికి చెరుపు చేశాను.

2019 ఆగస్టులో మా అక్కయ్య కూలీలతో పాటు వంగి నాట్లు వేసింది. అప్పటికి ఆమెకు 58 ఏళ్ళు. పక్క ఊరు. "తమ్ముడూ, కాలు లాగేస్తోందిరా" అని ఫోను చేసింది. నేను అనుభవశాలిని గదా! "అక్కయ్యా, ఏమీ కాదు. డాక్టర్లు కోస్తామంటారు. ఆరు వారాలు ఓర్చుకో, నాకూ అట్లాగే తగ్గింది" అన్నాను. ఆమె ఓర్చుకుంది. ఎదురుకాళ్ళతో పుట్టినవాడి చేత నడుము తన్నించుకుంటే పోతుందని ఎవరో అంటే అదీ చేయించింది. మన పల్లెల్లో ఈ వాడుక మీకు తెలిసిందే. రెండో వారంలో నొప్పి రెండో కాలికీ పాకింది. కూర్చుంటే కింద మొద్దుబారినట్లు ఉన్నదట, తరువాత మూత్రం ఆగిపోయిందట. ఆ మాట తమ్ముడికి ఎట్లా చెబుతుంది? మూడోరోజు పొట్ట ఉబ్బితే కోడలికి చెప్పింది. మేము ఆసుపత్రికి చేరేసరికి రాత్రి తొమ్మిది. ఆ రాత్రే ఆపరేషను చేశారు. అక్కడి డాక్టరు నన్ను ఒక్క మాట అనలేదు. ఎప్పుడు మొదలైందని అడిగి, చెప్పింది రాసుకున్నాడు, అంతే.

అక్కయ్య కాళ్ళు తిరిగి వచ్చాయి. గుడికి నడిచిపోతుంది. మూత్రం మాత్రం నేటికీ తనంత తాను రాదు. రోజుకు నాలుగుసార్లు సన్నని గొట్టం పెట్టుకోవాలి. నేను చెప్పిన వెల ఇదే. అది నేను కట్టలేదు, ఆమె కట్టింది.

ఆ సంగతి మీకు అర్థమయ్యేటట్లు చెప్పాలి. వెన్నుపాము నడుము పైభాగంలోనే ఆగిపోతుంది. అక్కడినుంచి నరాలన్నీ గుర్రపు తోకవలె కిందికి వేలాడుతుంటాయి. పెద్ద డిస్కు ముక్క ఒక్కసారిగా వచ్చి పడితే ఆ తోక మొత్తం నలుగుతుంది. మూత్రాన్నీ, విరేచనాన్నీ అదుపుచేసే నరాలు అందులోనే ఉన్నవి. జీను మీద కూర్చుంటే తగిలే చోటంతా మొద్దుబారడం, మూత్రం రాకపోవడం లేక తెలియకుండా పోవడం, రెండు కాళ్ళూ సడలడం, వీటిలో ఏది కనబడినా అది ఆ పూటే ఆసుపత్రికి పోవలసిన జబ్బు. రెండు రోజుల లోపల, ఎంత ముందైతే అంత ముందు, ఒత్తిడి తీసివేయాలి. అప్పుడు మంచి డాక్టరును వెదుకుతూ కూర్చోరాదు. 108కి ఫోను చేసి, ఎం.ఆర్.ఐ. యంత్రమూ, రాత్రిపూట ఆపరేషను చేసే ఏర్పాటూ ఉన్న దగ్గరి పెద్దాసుపత్రికి పోవలెను. పండుగైనా, అర్ధరాత్రైనా అంతే.

పాదం ఈడ్చుకుపోయి నడకలో చెప్పు జారిపోతూ ఉంటే అదీ వారాలకొద్దీ ఆగవలసిన సంగతి కాదు. తాటిచెట్టు మీదనుంచి, ధాన్యం లోడు మీదనుంచి పడినవాణ్ణి చంకలకింద, మోకాళ్ళకింద చేతులు వేసి ఎత్తి ఆటోలో కుక్కకండి. విరిగిన పూస ఆ ఎత్తడంలోనే వెన్నుపామును నలిపివేయవచ్చు. నలుగురు కలిసి తల, మెడ, వీపు ఒకే వరసలో ఉండేటట్లు పట్టుకుని తలుపు చెక్క మీదికి చేర్చండి. నులక మంచం వద్దు, అది మధ్యలో కుంగుతుంది.

మరొక రకం ఉన్నది. నెలల తరబడి నడుమునొప్పి, సాయంకాలం జ్వరం, చిక్కిపోవడం. ఇది వెన్నుపూస క్షయ కావచ్చు. 1779లో ఇంగ్లండులో పెర్సివల్ పాట్ అనే వైద్యుడు దీన్ని వర్ణించాడు గనుక ఆయన పేరే పెట్టారు. దీనికి మన దేశంలోనే మంచి దారి చూపించారు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలోని డాక్టరు తులి 1975లో తన "మధ్యేమార్గం" ఫలితాలను ప్రకటించారు. అందరికీ ముందు మందులు, మందులకు లొంగనివారికీ, కాళ్ళ చచ్చుదనం తగ్గనివారికీ మాత్రమే కత్తి. క్షయ మందులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. నెలల తరబడి మానకుండా వాడాలి.

ఇక తొందర లేని ఆపరేషనుకు డాక్టరును ఎంచుకోవడం ఎట్లా అన్నది చూద్దాం. వెన్నెముక ఆపరేషను రెండు దారుల్లో వచ్చినవారు చేస్తారు. ఎముకల వైద్యంలో ఎం.ఎస్. గాని డి.ఎన్.బి. గాని చదివినవారు ఒక దారి, నరాల శస్త్రవైద్యంలో ఎం.సి.హెచ్. గాని డి.ఎన్.బి. గాని చదివినవారు రెండో దారి. ఏ దారి గొప్పదని కొట్లాడుకోవలసిన పని లేదు. మందుచీటీ మీద చదువూ, మెడికల్ కౌన్సిలు రిజిస్ట్రేషను నెంబరూ ఉంటాయి, చూసుకోండి. అంతకంటే ముఖ్యం, ఆయన వారంలో ఎక్కువ రోజులు చేసే పని వెన్నెముకేనా అన్నది. మోకాళ్ళు మార్చడంలో మొనగాడైనవాడు వెన్నెముకను ఎప్పుడో ఒకసారి ముడతాడేమో. చెరకు నరికేవాళ్ళందరూ నాటు బాగా వేస్తారా?

"డాక్టరుగారూ, నాకు చెప్పిన ఈ ఆపరేషను మీరు ఏడాదికి ఎన్ని చేస్తారు? కోసేది మీరేనా, మరొకరా? తరువాత నన్ను చూసేదెవరు?" అని అడగండి. మర్యాదగా అడిగితే తప్పులేదు. "ఇప్పుడు చేయించుకోకపోతే ఏమవుతుంది?" అన్నది అన్నింటిలోకీ పెద్ద ప్రశ్న. దానికి భయపెట్టే జవాబు వస్తే ఏ కండరంలో బలం తగ్గిందో చూపించమనండి. "దీనివల్ల నాకు కాలినొప్పి పోతుందా, నడుమునొప్పి పోతుందా?" అని కూడా అడగాలి. డిస్కు ముక్క తీస్తే ఎక్కువగా తగ్గేది కాలినొప్పి. వట్టి నడుమునొప్పికి దాని ఫలం అంతంత మాత్రమే. ఈ తేడా విప్పి చెప్పినవారి మీద నాకు నమ్మకం కలుగుతుంది. నూటికి నూరుపాళ్ళు నాదీ పూచీ అన్నవారి మీద కలగదు. ఎంత మంచి చేతిలోనైనా చీము పట్టడం, నరం చుట్టూ ఉన్న పొర చిరిగి నీరు కారడం జరగవచ్చు. తీసిన చోటనే డిస్కు మళ్ళీ జారడం నూటికి అయిదు నుంచి పదిహేనుమందిలో ఉంటుందని వైద్య గ్రంథాలే చెబుతున్నవి.

స్క్రూల సంగతి విడిగా అడగండి, ఎందుకంటే ఖర్చు పెరిగేది అక్కడే. విరిగిన పూసకూ, కూలిపోయిన పూసకూ, అదుపులేకుండా కదిలే పూసకూ అవి కావలసిందే. వయసు మళ్ళినవారికి నరాల దారి ఇరుకై, కొంచెం దూరం నడవగానే కాళ్ళు బరువెక్కి, ముందుకు వంగితేనో కూర్చుంటేనో తేలికపడే జబ్బు ఒకటి ఉన్నది. స్వీడనులో 247 మంది మీద జరిపి 2016లో ప్రకటించిన పరిశోధనలో, ఇట్టివారికి ఇరుకు తీసివేయడంతో పాటు పూసలు కలిపి బిగించినందువల్ల అదనపు మేలు కనబడలేదు. కాబట్టి "నాకు స్క్రూలు ఎందుకు?" అన్న ప్రశ్నకు మీ నడుముకు సంబంధించిన జవాబు రావాలి. పూసలు కలిపే ఆపరేషనుకు ముందు చుట్ట, బీడీ మానమని కట్టడి చేసే డాక్టరు మంచివాడు. పొగతాగేవాడికి ఎముక సరిగా అతకదు. మన చుట్టలరాయుళ్ళకు ఈ మాట రుచించదని తెలుసు.

బోర్డు మీద లేజరు అనీ, చిన్న కోత అనీ రాస్తుంటారు. కోత ఎంత అన్నది కాదు, లోపల ఏం చేస్తారన్నది అడగండి. ఊళ్ళో ఆర్.ఎం.పి. ఫలానా ఆసుపత్రికే పొమ్మంటే ఎందుకని అడగండి. రోగిని పంపినందుకు ముడుపు ఇవ్వడం, పుచ్చుకోవడం డాక్టర్లకు 2002 నాటి వైద్యనీతి నిబంధనల్లోనే నిషేధం. అవే నిబంధనల ప్రకారం మీరు కోరిన 72 గంటల్లో మీ కాగితాలు మీకు ఇవ్వాలి. వాటితో ఇంకొకరి సలహా తీసుకోండి. దానికి నొచ్చుకునే డాక్టరు దగ్గర ఎట్లాగూ పని లేదు. విశాఖ, కాకినాడ, గుంటూరు, హైదరాబాదు పెద్దాసుపత్రుల్లో ఎముకల విభాగాలున్నవి. హైదరాబాదులోని నిమ్స్ 1964లో మొదలైంది ఎముకల ఆసుపత్రిగానే. తిరుపతిలో దేవస్థానంవారి బర్డ్ ఆసుపత్రి ఉన్నది. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్యసేవ కింద మీకు చెప్పిన ఆపరేషను వస్తుందో రాదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగిన తరువాతనే తనఖా మాట ఎత్తండి. మా బావమరిది లాంటివారు ప్రతి ఇంటిలోనూ ఉంటారు, పాపం ప్రేమతోనే అంటారు.

వెళ్ళేటప్పుడు నొప్పి ఎప్పుడు మొదలైంది, ఎక్కడినుంచి ఎక్కడికి పాకుతోంది, ఏ మందులు వాడారు, చక్కెర జబ్బు ఉన్నదా, ఇవన్నీ ఒక కాగితం మీద రాయించి పట్టుకుపోండి. ఫిలిములు మడవకండి, ఎండలో పెట్టకండి. డాక్టరు చెప్పేది వినడానికి, నొప్పి లేని మనిషిని ఒకరిని వెంట తీసుకుపోండి. నావలె సంతోషంలో గాని భయంలో గాని చివరి మాటలు జారవిడుచుకోకుండా వాటిని రాసుకోమనండి.

ఈ ప్రసంగం రాసి మా అక్కయ్యకు వినిపించాను. ఆమె సంగతి చెప్పడానికి ఒప్పుకుంది. ఒక్క మాట చేర్చమంది. నడుమునొప్పితో ఉన్న ఆడవాళ్ళు మూత్రం సంగతి అన్నదమ్ములతో చెప్పలేకపోతే పోనీ, కోడలికో కూతురికో మొదటి పూటే చెప్పమంది. ఆ కోడలు కూడా పొయ్యి మీద ఏమున్నా దింపేసి బయలుదేరాలట.